చప్పట్లకు ముందు

నూర్ అహ్మద్‌కు ఏది చేతికొచ్చినా ఊదే అలవాటు. ప్రొద్దుటూరులో ఇరవై ఏళ్లుగా మైకుసెట్లు బాడుగకిచ్చే మనిషి. పొద్దున లేస్తూనే హారన్లు గుడ్డతో తుడిచి, మైకు నోటికాడ పెట్టుకుని "ఉఫ్, ఉఫ్, హలో" అనేవాడు. అది ముదిరి ముదిరి, టీగ్లాసు చేతికిచ్చినా ముందు ఊది తర్వాతే తాగేవాడు. కంగారు పుడితే మరీ ఘోరం, చేతికందిన మీటనల్లా నొక్కి ఊదేవాడు. "పెండ్లినాడు అద్దంలో నా మొగం చూపిస్తే దాని మీదా ఊదినాడు మహానుభావుడు," అని పెళ్లాం దిల్షాద్‌బీ ఊరంతా చెప్పుకుని నవ్వేది.

ఆమె తమ్ముడు కమాల్ బాషా కువైట్ నుంచి ఒక టేప్‌రికార్డరూ, ఒక టేపూ తెచ్చిచ్చినాడు. ఎవరో తెల్లోళ్లు వేలమంది ముందర వాయిస్తాంటే ఆడికాడే టేపులోకి పట్టిన పాట. ఒక పక్కంతా ఒకటే పాట. మొదట గిటారు మూలుగుతుంది, నడుమ డ్రమ్ములు పూనకమొచ్చినట్టు ఊగుతాయి, అయిపోయింది లెమ్మనుకుంటే ఎవడో మళ్లీ హార్మోనియం లాంటిది అందుకుంటాడు. చివర మూడు దెబ్బలు, ఒక కేక, జనం చప్పట్లు. "పాటనా ఇది, కడప బస్సా? నిలబడతాది, మళ్లీ పోతాది," అని దిల్షాద్‌బీ ఎగతాళి చేసేది. రికార్డరుకు ఒక ఎర్రమీట ఉంది. నొక్కితే పాత పాట చెరిగిపోయి, పక్కనోళ్ల మాటలు ఎక్కుతాయి. నూర్ అహ్మద్ ఊదుడుకు అప్పటికే రెండు టేపుల కవ్వాలీలు నాశనమైనాయి.

టేపులో ఆ పాట వింటున్న జనం నడుమ మనూరోళ్లూ వినపడేవాళ్లు. ఒక దగ్గో, తుమ్మో, నవ్వో. ఎవరిది వినపడితే వాళ్లు, పాట ముగిసి చప్పట్లు మోగే వేళకు కన్నుమూసేవాళ్లు. అలీ అహ్మద్ మేస్త్రి దగ్గు వినపడింది, పోయినాడు. షరీఫ్ తుమ్ము వినపడితే ఇంటోళ్లు పరుగున వచ్చి టేపు ఆపేసినారు. ఆపిన క్షణానే పోయినాడు. మధ్యలో ఆపకూడదని అట్లా తెలిసొచ్చింది. ఎవరూ దాన్ని వింతనుకోలేదు. మంచాన పడ్డోళ్ల తాలూకోళ్లు వచ్చి, "నూరన్నా, ఆ టేపు పెట్టు, మాయమ్మ దాంట్లో లేదని వినిపోతా," అని అడగడం మామూలైపోయింది.

జై ఆంధ్ర బందుల చలికాలంలో దిల్షాద్‌బీ కూతురు మాబున్నికి తొలికాన్పు వచ్చింది. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో చేర్చినారు. బిడ్డ అడ్డం తిరిగింది. రెండు రోజులుగా నొప్పులు. నూర్ అహ్మద్ టేప్‌రికార్డరు సంచిలో వేసుకునే వచ్చినాడు, దాన్ని విడిచి ఉండలేడు గదా.

వరండాలో వాళ్ల వీధిలోనే ఉండే పులివెందుల శివమ్మ కూర్చోనుంది. ఆమె మొగుడు ఆదినారాయణ మగోళ్ల వార్డులో ఉన్నాడు. సంచి చూస్తానే లేచొచ్చింది.

"అక్కా, ఒక్కసారి పెట్టించక్కా. మాయన దాంట్లో లేడంటే ఇంత మెతుకు గొంతు దిగుతాది."

దిల్షాద్‌బీ సంచికి అడ్డంగా నిలబడింది. "ఈడొద్దమ్మా, నీకు దండం పెడతా. నా బిడ్డ లోపల ఉంది."

అనేసి నాలిక కరుచుకుంది. కాన్పు నొప్పులు పడేటప్పుడు ఆ ఇంటోళ్లను ఎవరేమడిగినా లేదనకూడదు. లేదంటే ఆ ముడి కడుపులో పడతాదని వాళ్లత్త చెప్పేది. దిల్షాద్‌బీ కండ్లు మూసుకుని మొగుడికి సైగ చేసింది.

పాట మొదలైంది. ఆదినారాయణ పొడిదగ్గు ఎంతకూ వినపడలేదు. శివమ్మ మొగాన రక్తం ఆడింది. అప్పుడు, గిటారు సన్నగిల్లిన చోట, జనం నడుమ నుంచి గల్లుమనింది.

మాబున్ని కడియం! వెండి కడియం లోపల చిన్న రాయి, చెయ్యి కదిలితే మోగుతుంది. ఏడోనెల సీమంతానికి దిల్షాద్‌బీనే తొడిగింది.

"యా అల్లా!" అనింది దిల్షాద్‌బీ. ఆపితే ఇప్పుడే పోతాది. ఆపకపోతే పాట ముగిసేటప్పటికి పోతాది.

"నేనే అడిగి చంపినానే తల్లీ," అని శివమ్మ నెత్తి కొట్టుకుంది.

అంతలో పాట సాగడం మొదలుపెట్టింది. రికార్డరు బ్యాటరీ సెల్లులు నీరసించినాయి. బందులకు యాడా కొత్త సెల్లులు దొరక్క పాతవే వేసుకొచ్చినాడు నూర్ అహ్మద్. తెల్లోడి గొంతు ఎద్దు రంకెలా లావైంది. డ్రమ్ము దెబ్బకూ దెబ్బకూ నడుమ ఒక ఊపిరి పట్టేంత ఎడం.

"సాగనీ, ఇంకా సాగనీ," అని దిల్షాద్‌బీ గొణిగింది. వెంటనే ఇంకో భయం పట్టుకుంది. సెల్లులు చచ్చిపోతే పాట ఆగిపోతాది! రికార్డరును పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఎండలోకి పరిగెత్తింది. సెల్లుల పక్కను ఎండకు తిప్పి, కదలకుండా పట్టుకుని కూర్చుంది. వేడి తగిలితే పాట పరుగెత్తుతుంది, అమ్మో అని నీడకు జరిపేది. నీడలో చక్రాలు తడబడితే మళ్లీ ఎండకు జరిపేది. అరగంట పాట అట్లా గంటన్నర నడిచింది. లోపలి నుంచి మాబున్ని అరుపులు. బిడ్డ ఏడుపు మాత్రం లేదు.

హార్మోనియం ఆగిపోయింది. ఇంక మూడు దెబ్బలే.

ఒకటి.

దిల్షాద్‌బీ చెవులు మూసుకోబోయి, చేతుల్లో రికార్డరు ఉండేసరికి మూసుకోలేకపోయింది.

రెండు.

ఆమె వెంటే వచ్చి పక్కన నిలబడిన నూర్ అహ్మద్ మొగం తెల్లగా పాలిపోయింది. కంగారులో చేతికందిన మీట నొక్కి, రికార్డరు మీదికి వంగి, "ఉఫ్, ఉఫ్, హలో" అన్నాడు.

"ఓరి పాపిష్టోడా, ఇప్పుడు కూడానా!" అని దిల్షాద్‌బీ కేక వేసింది. అంతలోనే ఆమె చూపు ఎర్రమీట మీద పడింది. లోపలికి నొక్కుకుని ఉంది. చక్రాలు తిరుగుతానే ఉండాయి. మూడో దెబ్బ లేదు. కేక లేదు. చప్పట్లు లేవు. పాట ఆగలేదు, ముగియనూ లేదు.

అప్పుడు లోపల బిడ్డ కేర్‌మనింది.

నర్సమ్మ తలుపు తీసి, "ఆడపిల్ల. తల్లీ బిడ్డా బాగుండారు," అనింది. దిల్షాద్‌బీ ఆ ఎండలోనే కూలబడి, మొగుడి చెయ్యి పట్టుకుని బోరున ఏడ్చింది. ఆ ఏడుపు కూడా టేపులోకెక్కింది.

ఎనిమిది నెలలు తిరిగినాయి. మనవరాలికి కూర్చోవడం వచ్చింది, పాకడం వచ్చింది. ఒకరోజు మాబున్ని ఒళ్లో కూర్చుని, బోసినోటితో నవ్వుతూ రెండు చేతులూ దగ్గరికి తెచ్చింది, మొదటి చప్పట్లు కొట్టడానికి. దిల్షాద్‌బీ వంటింట్లోంచి ఉరికి వచ్చి ఆ చిన్న చేతులు రెండూ గుప్పిట పట్టుకుంది.

"వద్దు తల్లీ," అనింది. "మీ యమ్మ ఇంకా పాట వింటాంది."