చంపినవాళ్ళే మోయాలి

మా పెరట్లో పనసచెట్టు మొదట్లో అడ్డాకు దొప్ప కనిపించిన మొదటి రోజు నేను దాన్ని చీపురుతో పక్కకు తోసేశాను. అందులో కాస్త అంబలి, పైన నాలుగు మెతుకులు. పిల్లలెవరో బువ్వలాట ఆడుకుని వదిలేశారనుకున్నాను. మా ఊళ్ళో అంగన్‌వాడీ నడిపేది నేనే. పిల్లలు పారేసిన దొప్పలు ఎత్తడానికే సర్కారు నాకు జీతమిస్తోందని నా అనుమానం.

మర్నాడు మళ్ళీ దొప్ప. ఆ మర్నాడు రెండు. ఈసారి నాకన్నా ముందు నా మొగుడు గాసి చూశాడు. గాసి మూటలెత్తడానికి నెమ్మది గానీ భయపడడానికి మహా చురుకు. దొప్పను ముట్టుకోకుండా వంగి చూసి, లేచి, కంచె అవతలికి చూశాడు. అవతల ఉన్నది అసిరమ్మ అవ్వ ఇల్లు.

"సిల్లంగి," అన్నాడు.

చిల్లంగి అంటే చేతబడి. అరకు కొండల మీద ఆ మాట ఒకసారి నోరు దాటితే వెనక్కి రాదు. ఎవరి మీద పడిందో వాళ్ళ చేతి నీళ్ళు ఇంకెవరూ తాగరు. వాళ్ళు ఊరొదిలి పోవాలి, అదీ ప్రాణాలతో పోనిస్తే. అది పడేది కూడా ఎప్పుడూ దిక్కులేని ముసలమ్మల మీదే. అసిరమ్మ అవ్వకు మొగుడూ లేడు, బిడ్డలూ లేరు. ఉన్నదల్లా ఒక గుడిసె, ఒక మేక, మా సోని. సోని పుట్టినప్పుడు బొడ్డు కోసింది అవ్వే, నేను ఊరి పిల్లలకు పాటలు నేర్పుతుంటే నా పిల్లను చంకనేసుకు తిరిగిందీ అవ్వే.

"నీకు మతి పోనాదేటి? అవ్వ మనకెందుకు సేత్తాది?" అన్నాను.

"మరి మన గుంట, సోని, నిద్దర్లో ఎందుకు ఉలిక్కిపడతంది? కూడెందుకు తినడం నేదు? అల్లం మడి ఎందుకు కుళ్ళిపోనాది?"

"అల్లం వానకి కుళ్ళిపోనాది. కాలవ తీయమని నాను మొత్తుకోలేదా?"

అల్లం సంగతి తెలిసిందే గానీ సోని సంగతి నాకూ తెలియదు. ఎనిమిదేళ్ళ పిల్ల. అంతకు ముందు రెండో విడత పెట్టకపోతే కంచం మోగించేది. ఇప్పుడు ముద్ద కలుపుతుంది, తలెత్తి చూసేసరికి కంచం ఖాళీ, పిల్ల మాత్రం చిక్కిపోతోంది. ఏమైందే అంటే ఏం లేదంటుంది. నా బెంగ గాసికి చెబితే ఇంకా భయపడతాడని చెప్పలేదు.

"ఆదివారం దిసారిని పిలుత్తాను," అన్నాడు గాసి. దిసారి అంటే మా ముహూర్తాలూ, గాలీధూళీ చూసే పెద్ద. ఆయన వచ్చి దొప్ప చూసి, కంచె అవతలికి ఒక్క చూపు చూస్తే చాలు. అవ్వ పని అయిపోయినట్టే.

ఆదివారం దాకా ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. శనివారం పొద్దున్నే ఇంకో దొప్ప కనిపించేసరికి దాన్ని పుల్లతో ఎత్తి పట్టుకుని కంచె దాటాడు. నేను పొయ్యి వదిలేసి వెనకాలే పరుగెత్తాను. అవ్వ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"ఇదేటవ్వా? నా ఇంటి మీద ఏటి పెడతన్నావు?"

అవ్వ దొప్ప వైపు చూసింది. తర్వాత గాసి మొహంలోకి చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. అడిగింది ఏమిటో, దాని వెనకాల వచ్చేది ఏమిటో ఆమెకు మొత్తం తెలిసిపోయింది. చేతిలో చింతపండు చేతిలోనే ఉండిపోయింది.

"అవ్వ కాదు!"

సోని. కంచె సందులోంచి దూరి, మోచేతులు గీరుకుపోయి, వచ్చి అవ్వకు అడ్డంగా నిలబడింది.

"అవ్వ కాదయ్యా. నానే పెట్టినాను."

"నువ్వా? ఎవలికే?" అన్నాడు గాసి.

"సచ్చిపోనోల్లకి." "నానే సంపినాను."

గాసి పుల్ల మీంచి దొప్ప జారి కింద పడింది.

ఇక్కడ కిరణ్ సంగతి చెప్పాలి. అరకు బజార్లో కిరణ్‌కు నెట్ సెంటరుంది. మైదానం నుంచి వచ్చిన కిరాణా వాళ్ళబ్బాయి, వైజాగులో చదివి వచ్చి, రెండేళ్ళ కింద నాలుగు కంప్యూటర్లు పెట్టాడు. మంచివాడే. మా దరఖాస్తులన్నీ వాడే ఓపిగ్గా టైపు చేస్తాడు. శుక్రవారం సంతకు మేం దిగినప్పుడు గాసి మిరియాలు అమ్ముకునేవాడు, నేను ఆఫీసులో మీటింగుకు పోయేదాన్ని, సోనిని కిరణ్ దగ్గర కూర్చోబెట్టేవాళ్ళం. సంతలో తప్పిపోకుండా ఉంటుంది, కంప్యూటరూ వస్తుంది, ఒక దెబ్బకు రెండు పిట్టలు. "మీ గుంట వేళ్ళు భలే షార్పు టీచరమ్మా," అని కిరణ్ అంటే గాసి ఆ వారమంతా కనబడినవాడికల్లా చెప్పేవాడు. ఆ వేళ్ళు ఏం చేస్తున్నాయని ఎవరమూ అడగలేదు.

వైజాగులో ఉన్న స్నేహితులతో కిరణ్ నెట్‌లో తుపాకుల ఆట ఆడేవాడట. బేరం వచ్చినప్పుడు కుర్చీ సోనికి ఇచ్చి, చెవులకు హెడ్‌ఫోను తగిలించి, "నా పేరు మీద నువ్వు కాల్చు, మాట్లాడకు," అనేవాడట. తెర మీద మనుషులు పరుగెత్తుకుంటూ వస్తారు. సోని కాలుస్తుంది. రక్తం చిమ్ముతుంది. చెవిలో తెలుగులో, మనవాళ్ళలాగే, "అయ్యో, చచ్చిపోయాన్రా!" అని కేక. ఆ తర్వాత ఆ గొంతు వినిపించదు. కాసేపటికి మళ్ళీ వినిపిస్తుంది.

"సచ్చిపోనోడు మల్లీ మాటాడతాడేటమ్మా?" అంది సోని. "డుమ అయితేనే కదా మాటాడతాడు?"

చచ్చినవాళ్ళు డుమలై ఇంటి చుట్టూ తిరుగుతారనీ, వాళ్ళకు కూడు పెట్టకపోతే ఊరుకోరనీ మా పిల్లలకు పాలతోపాటే తెలుస్తుంది. నేర్పిందీ మేమే.

"ఒక డుమ ఆకలేస్తోందన్నాడు. పోయిన వారం సంత నాడు. పొద్దుట్నించీ ఏమీ తినలేదన్నాడు. అందుకే నా కూడు పెట్టినాను. ఇంకా ఉన్నారమ్మా, అందరికీ సాలదు."

అప్పుడు ఏడ్చింది నా చిట్టితల్లి. ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా ఏడ్చింది. నా పిల్ల తన ముద్ద తాను తినకుండా దయ్యాలకు పెడుతుంటే నేను ఊరి పిల్లల బరువులు తూచి రాసుకుంటున్నాను.

అవ్వ దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. నవ్వలేదు, కోప్పడలేదు. కొంగుతో ముక్కు తుడిచి, "మోసినావా?" అని అడిగింది.

సోని తల అడ్డంగా ఊపింది.

"మొయ్యకుండా సంపడం ఎవుడు నేర్పినాడే నీకు?"

చైత్రంలో మా ఊరి మగవాళ్ళు వేటకు పోతారు. పిల్లల్ని రానివ్వరు. మీసం మొలిచినవాడు వచ్చినా ఆ ఏడు వాడి చేతికి విల్లివ్వరు. పెద్దలు కొట్టినదాన్ని భుజాన వేసుకుని వాడు ఊరిదాకా మోయాలి. ఆ వెచ్చదనం, ఆ బరువు, మెడ మీద కారే ఆ రక్తం తెలిశాకే విల్లు. మోసి వచ్చి కొందరు ఆ రాత్రి కూడు తినరు. అలాంటివాళ్ళ గురి మంచిదంటారు మా పెద్దలు.

గాసి అక్కడే నిలబడి ఉన్నాడు. ఆదివారం దిసారిని పిలవలేదు. అవ్వతో ఒక్క మాటా మాట్లాడలేదు కూడా. కంచె దగ్గరికి వెళ్ళడం, తిరిగి రావడం, అంతే.

అది ఆటే, ఎవరూ చావలేదని నేను వారమంతా చెప్పాను. సోని వింటుంది, తలూపుతుంది, సాయంత్రానికి దొప్ప పెడుతుంది. ఇక లాభం లేదని అవ్వే దారి చెప్పింది. "డుమ తన తల్లి పేరు సెప్పలేడే. బతికున్నోడే సెప్పగలడు. ఎల్లి అడుగుదాం." ఆ నియమం నేనెప్పుడూ వినలేదు. అవ్వ అప్పటికప్పుడు కల్పించిందేమో, అడగలేదు.

శుక్రవారం నలుగురం కిరణ్ కొట్టుకు వెళ్ళాం. దారి పొడుగునా నేను మాటలు నూరుకుంటూనే ఉన్నాను. ఆట డబ్బా బల్ల మీదే ఉంది. మూల మీద ఎర్రగా పద్దెనిమిది అని అచ్చు, అంటే ఆ వయసు దాటినవాళ్ళకే.

"ఈ అంకె నీకు కనబడలేదా బాబూ? వైజాగులో ఇది నేర్పలేదా?"

"అవి బొమ్మలు టీచరమ్మా. అందరూ ఆడేదే," అని నవ్వాడు కిరణ్.

"బొమ్మలకి ఆకలెయ్యదు. మా గుంట రెండు వారాలుగా తన కూడు నీ బొమ్మలకి పెట్టింది. దాని చెయ్యి చూడు."

కిరణ్ సోని చెయ్యి చూశాడు. మణికట్టు దగ్గర ఉండాల్సిన గాజు మోచేతి దాకా జారిపోయింది. వాడి నవ్వు పోయింది. జరిగింది చెబితే కుర్చీలో కూలబడి, "నేను ఊరికే... సరదాగా ఉంటుందని," అన్నాడు. తర్వాత నేను అడగకముందే కంప్యూటరు పెట్టాడు. ఆకలన్నవాడు స్వామి అట, చదువుకుంటూ గదిలో ఉంటాడు. మేమంతా వినేలా గొంతు స్పీకర్లో పెట్టి, మైకు సోనికి ఇచ్చాడు.

"ఏరా కిరణ్, చాలా రోజులైంది!" అంది స్పీకరు. సోని నా చీర పట్టుకుంది.

"మీ అమ్మ పేరేటి?" అని అడిగింది.

అవతల నవ్వు. "ఎవర్రా అది?"

"మీ అమ్మ పేరు సెప్పు." వదల్లేదు పిల్ల.

"గంగాభవాని. ఎందుకు? నువ్వెవరమ్మా?"

సోని అవ్వ వైపు చూసింది. అవ్వ తలూపింది. పిల్ల ఒళ్ళంతా వదులైపోవడం నా చీర కుచ్చెళ్ళకు తెలిసింది.

"నాను నిన్ను సంపినాను," అంది. "శానా సార్లు."

అవతల నవ్వు ఆగిపోయింది.

"నీ వయసెంత తల్లీ?"

"ఎనిమిది. నువ్వు కూడు తిన్నావేటి?"

స్పీకర్లో కుర్చీ కిర్రుమంది.

"లేదమ్మా," అన్నాడు స్వామి, మెల్లగా. "ఇప్పుడే వెళ్ళి తింటాను." తర్వాత గొంతు మారింది. "ఒరే కిరణ్, ఇన్నాళ్ళూ మేము తిట్టిన తిట్లన్నీ ఈ పిల్ల చెవిలోనారా?"

కిరణ్ తల దించుకున్నాడు. తిట్ల సంగతి నాకప్పుడే తెలిసింది. నేను నూరుకొచ్చిన మాటల్లో సగం మిగిలే ఉన్నాయి గానీ వాడి మొహం చూసి మింగేశాను. ఆ డబ్బా తీసి బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టబోయాడు. "నాకెందుకు? నీ దగ్గరే ఉంచు. పిల్లలొచ్చినప్పుడల్లా గుర్తుండాలి," అన్నాను.

బయటికి రాగానే సోని ఆకలన్నది. సంతలో పకోడీల పొట్లం అవ్వకు కూడా పెట్టకుండా తినేసింది. నేను ఏడుస్తున్నానని గాసి చూసి, చూడనట్టు నటించాడు.

జీపు దిగేచోటు నుంచి మా ఊరికి ఏటవాలు దారి. నడవలేనని సోని మొరాయిస్తే అవ్వ వీపుకెక్కించుకుంది. గాసి గబగబా ముందుకొచ్చి చేతులు చాచాడు.

"ఇటియ్యవ్వా. నాను మోత్తాను."

"దీని బరువు నాకు అలవాటే," అంది అవ్వ. తన ఉప్పూ, ఎండుచేపలూ ఉన్న బుట్టను కాలితో అతని వైపు జరిపింది. "నువ్వు నాది మొయ్యి."

గాసి బుట్ట నెత్తికెత్తుకున్నాడు. దారిలో ఒక్కసారి కూడా దించలేదు. మా ఇల్లు దాటి, కంచె చుట్టూ తిరిగి, అవ్వ ఇంట్లోకి తీసుకెళ్ళి పెట్టాడు. బయటికి రాలేదు. నిద్రపోయిన పిల్లను దించుకుందామని నేను వెళ్ళేసరికి గడప దగ్గర చేతులు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు.

"ఆకలేత్తంది అవ్వా," అన్నాడు.

అవ్వ కుండలోంచి అంబలి అడ్డాకు దొప్పలో పోసి ఇచ్చింది. గాసి రెండు చేతులతో పట్టుకుని చివరి చుక్క దాకా తాగి, ఇంకాస్త పొయ్యమని దొప్ప చాచాడు.