పనివారి కొరకు

పదకొండు గంటలకి తెరేసా రెండో గ్లాసు నీళ్ళు తాగింది. చుట్టూ పీటల మీద కూర్చున్న ముప్ఫైమంది ఆడవాళ్ళు, ఆమె పట్టపగలు సారా తాగుతున్నట్టు చూశారు.

రొయ్యల షెడ్డులో ఆడవాళ్ళు నీళ్ళు తాగరు. ఇది ఎక్కడా రాసి లేదు గానీ, రాసి ఉన్నవాటికంటే గట్టిగా నడుస్తుంది. పొద్దున్న ఆరింటికి ఇంటి దగ్గర ఓ గ్లాసుడు టీ పోసుకుని వచ్చి ఐసు కుప్ప ముందు కూర్చుంటే, మళ్ళీ సాయంత్రం ఐదింటికి ఇల్లు చేరాకే గొంతు తడుస్తుంది. మధ్యాహ్నం చద్దన్నం ముద్ద దిగడానికి ఒక్క గుక్క, అంతే. మరీ దాహం వేస్తే బుగ్గన చింతగింజ పెట్టుకుంటారు. కొత్తగా చేరిన పిల్లకి రొయ్య తల ఎలా తుంచాలో, నరం ఎలా లాగాలో నేర్పేముందు పెద్దవాళ్ళు ఈ చింతగింజ విద్య నేర్పుతారు. ఎందుకంటే నీళ్ళు తాగితే లేవాలి. లేచిన ఆడదానికి ఒక బిళ్ళ కోత.

బేసిను నిండా రొయ్యలు వలిస్తే మేస్త్రీ ఒక రేకు బిళ్ళ ఇస్తాడు. బిళ్ళకి అరవై పైసలు. ఒళ్ళు దాచుకోకుండా వలిచినదానికి రోజుకి పదిహేను బిళ్ళలు. మనిషి బయటికి వెళ్ళొచ్చేలోపు పావు బేసిను పని కూడా పోదు. కోసేది మాత్రం నిండు బిళ్ళ.

తెరేసా గ్లాసు కింద పెట్టి మళ్ళీ ఐసులో చెయ్యి పెట్టింది. రొయ్య ముళ్ళకీ ఉప్పుకీ వేళ్ళ కొసలు చర్మం ఊడి ఎర్రగా ఉన్నాయి. వాటి బాధ అలవాటైపోయింది. నడుం వెనక కుడివైపు ఉన్న పోటు మాత్రం అలవాటు కాలేదు.

పక్క పీట మీది నుంచి అత్త ఆరోగ్యమ్మ పళ్ళు నూరింది.

"ఒసే, సిగ్గు లేదటే నీకు? గంటకో గ్లాసు పోసేత్తన్నావు. లారీలోళ్ళ ముందు లేసెల్లి తుప్పల్లో కూసోడానికి ఏం కర్మే మనకి?"

"డాక్టరమ్మగోరు సెప్పింది కదత్తా."

"ఆవిడకేం! ఆవిడ కుర్చీ ఎనకాలే గదుంటాది. నలభై ఏళ్ళు సేపల గంపెత్తుకుని ఊళ్ళంట తిరిగాను నేను. ఒక్కనాడన్నా దారిలో కూసున్నానని ఎవుర్నన్నా సెప్పమను!"

ఎవరూ చెప్పలేరు. ఆరోగ్యమ్మకి భూమి లేదు, బంగారం లేదు, మొగుడు గోదాట్లో పోయి పదేళ్ళయింది. ఆవిడకున్న పరువల్లా ఇదే. ఉగ్గబట్టుకోవడం ఆడదాని మర్యాద అని ఎవరో ఆవిడకి చిన్నప్పుడు చెప్పారు, ఆవిడ దాన్ని ప్రాణంలా కాపాడుకుంటూ వచ్చింది. చెప్పినవాళ్ళెవరో గానీ, వాళ్ళు తప్పకుండా గోడ వైపు తిరిగి నిలబడగల జాతివాళ్ళే అయి ఉంటారు. మగవాడికి ఊరంతా గోడే. మేస్త్రీ చిన్నారావు పొద్దుటి నుంచి మూడుసార్లు షెడ్డు పక్కకి వెళ్ళి పంచె సర్దుకుంటూ వచ్చాడు. అతనికి కోసే బిళ్ళ ఇంకా తయారు కాలేదు.

మూడు వారాల కిందట తెరేసాకి చలిజ్వరం వచ్చింది. మూత్రం నిప్పులా మండింది, నెత్తురు కూడా పడింది. మొగుడు లూయిస్ గోదారి దాటించే పంటు మీద పని మానుకుని ఆమెని ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు.

"రోజుకి ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగుతావమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"మాత్రేసుకుంటే తాగుతానండి."

డాక్టరమ్మ కలం కింద పెట్టి తలెత్తి చూసింది. ఆవిడ మంచి మనిషి. కోప్పడకుండా, బొమ్మ గీసి మరీ చెప్పింది. మూత్రపిండం ఒకటి అప్పుడే దెబ్బ తింటోందనీ, ఇలాగే ఉగ్గబట్టుకుంటే రెండోదీ పోతుందనీ, మందులకంటే ముందు అలవాటు మార్చుకోవాలనీ, గంటకో గ్లాసు తాగాలనీ, వచ్చినప్పుడల్లా వెళ్ళాలనీ చెప్పింది. ఆవిడ తల వెనక గోడ మీద ఓ రంగుల కాగితం అంటించి ఉంది. మంచి అలవాట్లు, మంచి ఆరోగ్యం. అందులో తెల్లచీర కట్టుకున్న ఓ ఆడమనిషి నవ్వుతూ గ్లాసుతో నీళ్ళు తాగుతోంది. ఆ నీళ్ళు తాగాక ఆ మనిషి ఎక్కడికి వెళ్ళిందో బొమ్మ గీసినవాడు గియ్యలేదు.

చదువుకున్నవాళ్ళు అలవాటు మార్చుకోమని ఎంత తేలిగ్గా చెబుతారో! చెప్పు మార్చుకున్నట్టు. తప్పంతా నీదే, నీ ఒంటిదే, నువ్వు రేపట్నుంచి బుద్ధిగా ఉంటే చాలు. తెరేసా కూడా అలాగే నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? సుబ్బలక్ష్మిని కళ్ళారా చూసింది మరి.

సుబ్బలక్ష్మి మెట్టకూరు నుంచి వచ్చేది, తెరేసాకి ఎదురు పీట. నడుం నొప్పి అనేది, కాళ్ళ వాపు అనేది. కిందటేడు క్రిస్మస్‌కి ముందు మొహమంతా ఉబ్బి, కాకినాడ పెద్దాసుపత్రిలో పోయింది. ముప్ఫై రెండేళ్ళు. షావుకారు లక్ష్మణరావు ఖర్చులకని యాభై రూపాయలు పంపించాడు. షెడ్డు ఆడవాళ్ళంతా వెళ్ళి ఏడ్చారు. "ఏనాడూ పీట మీంచి లేవలేదు మా తల్లి, ఒక్క బిళ్ళ కోత పడలేదు" అని రాగం తీసి ఏడ్చారు. ఆ మాట మెచ్చుకోలు అనుకునే ఏడ్చారు! ఇప్పుడు తలుచుకుంటే తెరేసాకి ఒళ్ళు మండిపోతుంది. తనూ ఆ మాటే అని ఏడ్చింది.

అందుకే పంతం పట్టింది. మొదటి వారం మధ్యాహ్నం ఒక్క గ్లాసు తాగింది. రెండో వారం రెండు. ఇంటి నుంచి సత్తు బిందెలో కాచిన నీళ్ళు తెచ్చుకుని పీట పక్కన పెట్టుకుంది. వచ్చినప్పుడల్లా లేచింది. రోడ్డు దాటి, సర్కారు తుమ్మ తుప్పల్లోకి వెళ్ళింది. ఐసు లారీల క్లీనర్లు అక్కడే బీడీలు కాల్చుకుంటారు. మొదటిరోజు ఒకడు ఈల వేశాడు. రెండోరోజు ఇద్దరు వేశారు. ఆమె చీర చుట్టూ లాక్కుని కూర్చుని, ఒంట్లోంచి నీళ్ళు రాక, కళ్ళలోంచి వస్తే తుడుచుకుని లేచొచ్చింది. వచ్చేసరికి చిన్నారావు చేతిలో బిళ్ళ కోత సిద్ధంగా ఉండేది. ఒక్క గ్లాసు మంచినీళ్ళు తాగే అలవాటు కోసం ఇంత యుద్ధమా అనిపించేది ఆమెకి.

ఇంతకీ ఆ షెడ్డుకి లెట్రిను లేదా అంటే, ఉంది. బంగారంలాంటిది ఉంది. గోదారికి పెద్ద వరదొచ్చిన మరుసటి ఏడే కట్టించారు. విదేశాలకి వెళ్ళే సరుకు కాబట్టి, వలిచే మనుషులకి లెట్రిను ఉండాలనీ, లేకపోతే సరుకు పాసు కాదనీ పైనుంచి రూలు వచ్చింది. షెడ్డు వెనక తెల్ల టైల్సు, ఆకుపచ్చ తలుపు. తలుపు మీద తెల్ల పెయింటుతో గుండ్రటి అక్షరాలు, పనివారి కొరకు. ఆ అక్షరాల కింద పిడికిలంత తాళం. లోపల ఉప్పు బస్తాలు. తనిఖీ ఆఫీసరు వచ్చే రోజు బస్తాలు బయటికి వస్తాయి, ఫినాయిలు పడుతుంది, కొత్త సబ్బు బిళ్ళ పెడతారు. ఆయన అటు వెళ్ళగానే బస్తాలు లోపలికి వెళతాయి, సబ్బు చిన్నారావు ఇంటికి వెళుతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారి గుడికే తాళం వేసుకుని కూర్చున్నాడు.

తెరేసా చిన్నారావుని ఓసారి అడిగింది కూడా. అతనూ తమ కనకాలపేట మనిషే, లూయిస్‌తో కలిసి తిరిగినవాడే.

"నాదేవుందే, షావుకారుగోరు వద్దన్నారు. తీసుంచితే వాసనంట. సరుక్కి పట్టేత్తదంట" అన్నాడు. ఈ ఆడవాళ్ళ కిడ్నీలకి పట్టేది మాత్రం ఎవరి ముక్కుకీ తగలదు.

ఈ వేళ పదకొండున్నరకి తెరేసా తుప్పల్లోకి వెళ్ళి తిరిగొచ్చేసరికి షెడ్డంతా హడావిడిగా ఉంది. ఆఫీసరు జీపు మధ్యాహ్నం వస్తుందని కబురొచ్చింది. ఉప్పు బస్తాలు బయటికి మోస్తున్నారు. ఆడవాళ్ళ తలలకి తెల్ల టోపీలు పంచుతున్నారు.

"అందరూ ఇనండి!" అని అరిచాడు చిన్నారావు. "ఆయనేదన్నా అడిగితే అన్నీ ఉన్నాయండి అనాలి. తెరేసా, నీకే సెబుతున్నాను. ఆయనున్నంతసేపు ఆ బిందె తీసి అవతలెట్టు. పొద్దుట్నుంచి నీకు రెండు బిళ్ళలు కోత."

తెరేసా బిందె తియ్యలేదు. ఇంకో గ్లాసు తాగింది. ఆపైన మరొకటి తాగింది. పనిగట్టుకుని, అతని మొహంలోకి చూస్తూ తాగింది. ఆరోగ్యమ్మ తల కొట్టుకుంది.

రెండున్నరకి జీపు వచ్చింది. ఆఫీసరు షెడ్డులో ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచాడు. ఐసు చూశాడు, టోపీలు చూశాడు, వెనక్కి వెళ్ళి ఆకుపచ్చ తలుపు తీయించి తెల్ల టైల్సు చూశాడు. కాగితం మీద టిక్కు పెట్టాడు. ఆడవాళ్ళని ఏమీ అడగలేదు. అన్నీ ఉన్నాయండి అని చెప్పడానికి సిద్ధంగా తెరిచిన నోళ్ళు అలాగే మూతపడ్డాయి. ఆయన కొబ్బరి బొండం తాగడానికి షావుకారు గదిలోకి వెళ్ళాడు.

తెరేసా లేచింది. చెంబు తీసుకుంది. రోడ్డు వైపు వెళ్ళలేదు, షెడ్డు వెనక్కి నడిచింది.

"ఏయ్, ఎక్కడికే?" చిన్నారావు గొంతు తగ్గించుకుని పరిగెత్తుకొచ్చాడు. గట్టిగా అరవడానికి లేదు, ఆఫీసరు గదిలో ఉన్నాడు. "తెరేసా, నీకు దండం ఎడతాను. ఆయనెల్లిపోనీ!"

ఆమె లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది.

లోపల ఫినాయిలు వాసన. నాలుగు గోడలు. ఈల లేదు, లారీ హారను లేదు, చీర చుట్టూ లాక్కోవలసిన పని లేదు. ముప్ఫై నాలుగేళ్ళ జీవితంలో ఒక తలుపు వెనక, తొందర లేకుండా కూర్చోవడం తెరేసాకి అదే మొదటిసారి. హాయిగా ఉంటుందనుకుంది. హాయి కలగలేదు. కోపం వచ్చింది. ఇంత చిన్న సంగతా? ఈ నాలుగు గజాల చోటు కోసమా సుబ్బలక్ష్మి చచ్చిపోయింది? ఇంతకాలం అలవాటు తనదనుకుంది, తప్పు తనదనుకుంది. గోడకి చెయ్యి ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. బయట జీపు వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే తలుపు దడదడలాడింది.

"బయటికి రాయే! బస్తాలు లోపలెట్టాలి!"

తెరేసా కళ్ళు తుడుచుకుని గడియ తీసింది. ఎదురుగా చిన్నారావు, చేతిలో తాళం. అతని వెనక ఆరోగ్యమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో, ఎందుకు లేచిందో ఎవరికీ తెలియదు. మోకాళ్ళు పట్టేసి, నడుం వంగిపోయి ఉంది. కోడలి ఎర్రటి కళ్ళలోకి ఒక్క క్షణం చూసింది. తరవాత మేస్త్రీని మోచేత్తో పక్కకి నెట్టి లోపలికి వెళ్ళి గడియ పెట్టేసుకుంది.

తెరేసా తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

గోల విని షావుకారు లక్ష్మణరావు వచ్చాడు. ఎనిమిదేళ్ళ కిందట రామచంద్రపురం వైపు నుంచి ఒక్క ఐసు పెట్టెతో యానాం వచ్చి, ఇవాళ రెండు లారీలు తిప్పుతున్న మనిషి.

"ఏంటమ్మా ఇది? ఎనిమిది వందల కిలోల సరుకుందక్కడ. పదండి, పదండి."

"తాళం ఇటియ్యండి, ఎల్తాం" అంది తెరేసా.

"తాళం నీకెందుకు?"

"ఈ తలుపు మీద ఏం రాసుందో సూడండి. సర్చి బళ్ళో నేను నాలుగు సదివాను. పనివారి కొరకు అనుంది. మేవేనండి పనోళ్ళం. ఆయ్."

షావుకారు మొహం ఎర్రబడింది. చిన్నారావు ముందుకొచ్చాడు.

"నువ్వు రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు."

"రాను. రేపు నా సంగతి నేను సూసుకుంటాను. ఈయేళ మాత్రం దీనికి తాళం ఎయ్యనివ్వను."

ఆ మాట అంది గానీ, ఇంట్లో ముగ్గురు పిల్లలు, లూయిస్ తెచ్చే పన్నెండు రూపాయలు, కిలో నాలుగున్నర బియ్యం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. అయినా వీపు తలుపు మీంచి కదల్లేదు. లోపల్నుంచి ఆరోగ్యమ్మ గొంతు వినిపించింది.

"తెరేసా, ఎవుర్నీ రానీకే. నాకింకా అవలేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. చిన్నారావు వెనక్కి తిరిగి చూశాడు. షెడ్డులోంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. తెల్ల టోపీలు ఇంకా తియ్యలేదు. కొందరు తల వంచుకుని వస్తున్నారు, కొందరు షావుకారు వైపే చూస్తూ వస్తున్నారు. ఆకుపచ్చ తలుపు ముందు ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు.

షెడ్డులో సరుకు మీద ఐసు కరిగి, నీళ్ళు తూములోంచి బయటికి పోతున్నాయి. ఐదింటికి లారీ వస్తుంది. షావుకారు ఓసారి ఆ నీళ్ళ వైపు చూశాడు, ఓసారి వరస వైపు చూశాడు. వరసలో ఇంకా ఇరవై ఆరుగురు ఉన్నారు.