జగ్గయ్య కంటి ఫొటో

పడవ పని మానేశాక జగ్గయ్యకు మతిమరుపు పట్టుకుంది. కిరసనాయిలు తెమ్మంటే మరిచిపోయేవాడు. వల బాగుచెయ్యమంటే ఏ వల అనేవాడు. మరదలు గురువమ్మ నాలుగు రోజులు ఉందామని వస్తే, "ఈయమ్మెవలు?" అన్నాడు. ఆవిడ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది.

నిజానికి అతని బుర్ర నిక్షేపంలా ఉంది. ఇన్నేళ్ళు సముద్రం మీద గొడ్డుచాకిరీ చేసినవాడికి ఈ మాత్రం సుఖం తప్పు కాదనుకున్నాడు.

భార్య తవిటమ్మ బెంగపడి అతన్ని వన్ టౌన్‌లో కళ్ళ డాక్టరు అనూరాధ దగ్గరికి లాక్కెళ్ళింది.

"బుర్రకి రోగమైతే కళ్ళ డాక్టరు ఏటే?"

"కంట్లోంచి సూత్తే బుర్ర తెలిసిపోద్దట మావా. అంతా ఫొటోలో వచ్చేత్తాదట."

అంతా అంటే? తన నాటకం కూడానా అని జగ్గయ్య హడలిపోయాడు. నర్సు చుక్కలు వేసి, కంటిపాపలు పెద్దవవుతాయంది. తలుపులు బార్లా తీసేస్తున్నారన్నమాట! మిషను ముందు కూర్చోబెట్టాక కళ్ళు గట్టిగా మూసేసుకున్నాడు.

"తెరవండి తాతగారూ," అంది డాక్టరు.

"తెరవను తల్లీ. నానే సెప్పేత్తాను. నాకే మతిమరుపూ నేదు. గురువమ్మ నాకు తెల్సు, దాని మొగుడూ తెల్సు. పని తప్పించుకోడానికే..."

తవిటమ్మ అతని జబ్బ మీద ఒక్కటిచ్చింది. డాక్టరు నవ్వాపుకోలేకపోయింది.

"అబద్ధాలు ఫొటోలో పడవండీ. కంటి వెనక రక్తనాళాలు కనబడతాయి. మెదడులోవీ అలాంటివే. వాటిని బట్టి మెదడు సంగతి ఎంత తెలుస్తుందో ఇంకా చూస్తున్నాం."

అతని ఫొటో బాగానే వచ్చింది. పనిలో పనిగా తవిటమ్మకూ చుక్కలు వేసి తీశారు. ఈసారి డాక్టరు నవ్వలేదు. నాళాలు సన్నబడ్డాయి, అక్కడక్కడ నెత్తురు చుక్కలున్నాయి. బీపీ చూస్తే చాలా ఎక్కువ.

"ఇలాగే వదిలేస్తే మెదడుకి ముప్పమ్మా. రోజూ మాత్ర వేసుకోవాలి. రేపే పెద్ద డాక్టరుకి చూపించుకోండి."

"ఈ మనిసితో కాపరం సేత్తే బీపీ రాదేటి?" అంది తవిటమ్మ. మందుచీటీని మాత్రం కొంగున ముడేసుకుంది.

మాత్రలు కొనుక్కుని రోడ్డెక్కితే ఎండ ఇద్దరి కళ్ళల్లో సూదుల్లా గుచ్చుకుంది. బస్సు నంబరు ఇద్దరికీ కనబడలేదు. వచ్చిన బస్సెక్కేశారు.

"రోజూ మాత్ర నానే ఇత్తాను," అన్నాడు జగ్గయ్య. "నీకేటైనా అయితే నానేటైపోతానే?"

అంతలో కండక్టరు వచ్చాడు. "సబ్బవరమేనా?" వాళ్ళ ఊరికి అది పూర్తిగా ఎదురు దారి.

తవిటమ్మ మొగుడి ముఖంలోకి చూసింది. మసకగానే ఉన్నా, ఆ కళ్ళు నీళ్ళతో నిండాయని తెలిసింది. ఫక్కున నవ్వేసింది.

"ఎక్కేసేం కదా, రెండు కొట్టు బాబూ."