ఆరు ఇసుక బస్తాలు

పొద్దున ఏడింటికి బాలనర్సయ్య పాత అంబాసిడర్ డిక్కీలోకి ఆరో ఇసుక బస్తాను మోకాలితో తోస్తున్నాడు. అది పంతొమ్మిది వందల తొంభై ఒకటి. ఫిల్మ్‌నగర్‌లో ఇంకా ఇళ్లకంటే బండలే ఎక్కువ. జూబ్లీహిల్స్ బంగళాలకు ఆ బండల్నే పదేళ్లు లారీలో తోలాడు. తర్వాత పన్నెండేళ్లుగా హీరోల చొక్కాలు తొడుక్కుని కార్లు గుద్దిస్తున్నాడు. పొట్టి మనిషి. ఎడమ భుజం విరిగి అతికింది, కొంచెం కిందికి జారి ఉంటుంది. ఒక్క సినిమాలోనూ అతని ముఖం కనపడలేదు, పేరూ పడలేదు.

ఈ రోజు ఎదురుగా లారీ వస్తుంది. రెండూ గుద్దుకుంటే తేలికైనదే వెనక్కి ఎగిరిపోతుందని బడి మొహం చూడని అతనికి బాగా తెలుసు. అందుకే బస్తాలు. తేడా వస్తే కిటికీలోంచి చెయ్యెత్తుతాడు. అది చూసి మేనేజరు ఎర్రజెండా ఊపితే లారీ ఆగాలి.

మేనేజర్ వెంకటేశ్వరరావు వచ్చి డిక్కీలోకి తొంగిచూశాడు.

"ఇవెందుకయ్యా? కారు గాల్లోకి లేవాలంటున్నారు డైరెక్టరు గారు."

"బండి లేస్తే లోపలున్నోడు గూడ లేస్తడు సార్. మెడ ఆగదు. బస్తాలుండాలె."

"సరేలే, నువ్వెళ్లి చొక్కా మార్చుకో."

ఆ సరే పచ్చి అబద్ధం. బాలనర్సయ్య అటు తిరగగానే మేనేజరు నలుగురిచేత బస్తాలు దింపించి రోడ్డు పక్కన వేయించాడు. చూసినవాళ్లు ఇరవైమంది. ఒక్కడికీ నోరు లేదు, సిగ్గు అంతకన్నా లేదు.

హీరోగారి ఎర్రచొక్కాలో బాలనర్సయ్య స్టీరింగు ముందు కూర్చున్నాడు. క్లచ్ వదలగానే కారు ముందుకు దూకింది. బరువు లేదని కాళ్లకు తెలిసిపోయింది. బ్రేకు తొక్కి, కిటికీలోంచి చెయ్యి పైకెత్తాడు.

ఆ హీరోగారు కారెక్కితే అలాగే చెయ్యెత్తి జనానికి చూపిస్తారు. హాల్లో ఈలలు పడేది అక్కడే.

"అచ్చం హీరోగారే," అని మురిసిపోయి, జెండా చంకలో పెట్టుకుని, వెంకటేశ్వరరావు చప్పట్లు కొట్టాడు.

లారీ గుద్దింది. కారు వాళ్లు కోరినట్టే గాల్లోకి లేచి పల్టీకొట్టింది.

లారీ డ్రైవరు దిగి పరుగెత్తుకొచ్చాడు. "జెండా ఊపలేదేంది సార్? చెయ్యెత్తిండు గద."

"స్టైలనుకున్నానయ్యా," అన్నాడు వెంకటేశ్వరరావు.

షాటు బ్రహ్మాండంగా వచ్చిందన్నారు. ఆసుపత్రికి తీసుకెళ్తున్న జీపు శ్రీనగర్ కాలనీ మలుపు దాటేలోపే బాలనర్సయ్య ఊపిరి ఆగింది. కబురు కొండమీది షూటింగుకు చేరేసరికి హీరోగారి క్లోజప్ మొదలైంది. గాలి ఎక్కువగా ఉంది. లైటు పడిపోతుందేమోనని వెంకటేశ్వరరావు దగ్గరుండి, స్టాండు మూడు కాళ్లమీదా రెండేసి చొప్పున, ఆ ఆరు ఇసుక బస్తాలూ పెట్టించాడు.