కత్తి దిగాలంటే

మా నాటకంలో అన్న తమ్ముణ్ణి నరికేస్తాడు. ఇంట్లో అంతదాకా రాలేదు, అంతే తేడా. మా నాన్న పోయాక రాజు వేషం ఎవరిదన్న దగ్గర మొదలైంది మా తమ్ముళ్లిద్దరి తగువు. నాన్న తనకే ఇస్తానన్నాడని చిన్నోడి వాదన. వేషం పెద్దోడికి దక్కింది, చిన్నోడికి అలక దక్కింది. మూడేళ్లుగా ఇద్దరూ ఒకే అద్దం ముందు రంగు పూసుకుంటూ, నన్ను మధ్యలో కూర్చోబెట్టి మాట్లాడుకుంటున్నారు. నేను ఇద్దరికీ అక్కని. ఆటలో తెర పక్కన నిలబడి, మరిచిపోయిన మాటలు అందించేదాన్ని. నా నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలుసు.

ఆ మధ్యాహ్నం ఆటకు ముందు పెద్దోడు కిరీటం సర్దుకుంటూ, "అక్కా, ఇదే ఆఖరు. రేపట్నుంచి నేను రాను. వాడితో చెప్పు" అన్నాడు.

"నేనేమైనా పోస్ట్‌మ్యాన్‌నా? నువ్వే చెప్పుకో!" అన్నాను. కానీ వేదిక కూడా పోతే వీళ్లిద్దరూ మళ్లీ ఒకచోట నిలబడరు.

చివరి రంగం. పెద్దోడు కర్రకత్తి ఎత్తాడు. మోకాళ్ల మీదున్న తమ్ముడు "అన్నా, నీ చేతిలోనే పోనీ" అనాలి. అవతలివాడి మాట పూర్తయ్యేదాకా కత్తి దిగకూడదన్నది నాన్న పెట్టిన నియమం. ఈ మూడేళ్లూ చిన్నోడు 'అన్నా' మింగేసి మిగతాది అనేవాడు. పెద్దోడు సర్దుకుపోయి నరికేవాడు.

"నీ చేతిలోనే పోనీ" అన్నాడు చిన్నోడు.

కత్తి దిగలేదు.

పెద్దోడి కుడి భుజం పట్టేసి ఏడాదైంది, తల దువ్వుకోవాలన్నా మూలుగుతాడు. అయినా చెయ్యి పైనే ఉంచాడు. అందించమని చిన్నోడు నాకేసి చూశాడు. ముప్పై ఏళ్లలో ఒక్క మాటా ఆలస్యం చెయ్యనిదాన్ని, పుస్తకం మూసేశాను. నువ్వే అనాలిరా, మొండి వెధవా!

కత్తి మొన వణికింది. చిన్నోడు ఆ వణుకు చూశాడు.

"అన్నా" అన్నాడు. "అన్నా, నీ చేతిలోనే పోనీ."

దుమ్ము తుడిచినట్టు కత్తి వాడి మెడ మీద దిగింది. వాడు పడిపోయాడు. చప్పట్లే చప్పట్లు.

తెర పడినా చిన్నోడు లేవలేదు. నేలకు మొహం ఆనించి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. పెద్దోడు కత్తి పక్కన పెట్టి, నొప్పి లేని ఎడమ చెయ్యి చాచాడు.

"లేవరా. రేపు మళ్లీ చావాలి."