రెండెకరాల నిద్ర

రోజూ తెల్లారగానే ఆయన టీ తాగి, గట్టు మొదట్లో చెప్పులు విడిచి, చప్పుడు చేయకుండా పొలం చుట్టూ ఒకసారి తిరిగేవాడు. తర్వాత గట్టు మీద కూర్చునేవాడు. అంతే, ఇక పని లేదు. మూడేళ్లు సాగు మానేసి నేలకు విశ్రాంతి ఇస్తే ఏటా ఇంతని ప్రభుత్వం డబ్బిస్తోంది. కాగితం మీద సంతకం పెట్టిన వారానికే పొలం నిద్రపోయింది. మట్టి మెల్లగా లేచేది, మెల్లగా దిగేది. ఆ దారిన సైకిలువాళ్లు బెల్లు కొట్టేవాళ్లు కాదు. దాని మీదుగా ఎగిరే పిట్టలు రెక్కలు ఆడించడం మరిచి, అలా తేలుతూ పోయేవి.

గట్టుకు అవతలి పొలం ఆయన అన్నయ్యది. అన్నయ్య ఈ పథకంలో చేరలేదు. "పొలాన్ని పడుకోబెట్టి తింటావట్రా? సిగ్గులేదూ?" అని ఒక్క మాట అని, రెండేళ్లుగా తమ్ముడితో నోరు విప్పలేదు. అన్న అటు కలుపు తీస్తుంటే తమ్ముడు ఇటు కూర్చుని చూసేవాడు. చూడడం కూడా ఒక పనేనా, పాపం!

ఇంట్లో కుర్చీలన్నీ బాగుచేశాడు, బాగున్నవి కూడా. "ఆ చేతులు కాసేపు ఒళ్లో పెట్టుకు కూర్చోలేరా?" అని భార్య విసుక్కునేది. మూడో ఏడు, తనిఖీకి నెల ముందు, ఉండబట్టలేక గట్టు పక్కన నాలుగు చిక్కుడు గింజలు గుచ్చాడు, పొలానికి మెలకువ రాకుండా, వేలి కొసతో.

అవి మొలిచిన సంగతి భార్య తనిఖీ రోజునే చూసింది.

"ఏవండీ, ఇదేం పని? ఒక్క మొక్క కనిపించినా ఈ ఏటి డబ్బు రాదు. ఏం తిని బతుకుతాం? ఇటుక బట్టీ ఆయన ఈ మట్టి కోసం కాచుక్కూర్చున్నాడు. అమ్ముకోవాల్సిందేగా!"

పీకేద్దామనుకునేలోపే ఆఫీసరు వచ్చేశాడు. మెత్తని మనిషే గానీ రూలు దగ్గర గట్టివాడు. చెప్పులు విప్పి, మోకాళ్ల మీద వంగి, నేలకు చెవి ఆనించి, వాచీ చూసుకుంటూ పొలం ఊపిరి లెక్కపెట్టాడు.

"నిమిషానికి నాలుగు. మంచి నిద్ర," అని గుసగుసగా చెప్పి ఫారంలో రాసుకున్నాడు. తర్వాత గట్టు వెంబడి నడుస్తూ మొక్కల దగ్గర ఆగాడు. "ఇవేంటండీ?"

అబద్ధమాడడం రాని మహానుభావుడు నిజం చెప్పేయడానికి నోరు తెరిచాడు. అప్పుడే పొలం పెద్దగా నిట్టూర్చి ఇటు నుంచి అటు ఒత్తిగిలింది. ముగ్గురూ తూలి ఒకరినొకరు పట్టుకున్నారు. మట్టి సర్దుకునేసరికి గట్టు రెండడుగులు ఇవతలికి జరిగింది. నాలుగు మొక్కలూ గట్టుకు అవతల, అన్నయ్య పొలంలో, ఆకు కూడా నలగకుండా నిలబడి ఉన్నాయి.

నిద్రలో ఎవరైనా ఒత్తిగిలుతారు కాబట్టి ఆఫీసరు దాని గురించి ఏమీ అడగలేదు. ఆయనకు కావలసింది ఒక్కటే.

"పెద్దాయనా, ఈ చిక్కుళ్లు ఎవరివి?" అని అవతల కలుపు తీస్తున్న అన్నయ్యను పిలిచాడు.

అన్నయ్య దగ్గరికొచ్చి మొక్కల వరస చూశాడు. అంత తిన్నగా, జానెడు ఎడంతో గింజ గుచ్చడం తమ్ముడికి చిన్నప్పుడు నేర్పింది ఆయనే. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా పొలంలో ఉన్నవి నావి కాక ఎవరివండీ?" అన్నాడు.

ఆఫీసరు సంతకం పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. తమ్ముడు తలెత్తలేకపోయాడు. అన్నయ్య పార నేలకు ఆనించాడు.

"చేతులు ఊరుకోవడం లేదని నాతో ఒక్క మాట చెప్పొచ్చుగదరా. నాకూ నడుం వంగడం లేదు. రేపట్నుంచి ఇటు రా."

"రేపెందుకన్నయ్యా," అంటూనే తమ్ముడు గట్టు దాటాడు. అన్న చేతిలో పార అందుకుని, సాయంత్రం దాకా తల ఎత్తలేదు.