చిన్న విమానం కొలపుల్ల

నెలలో మొదటి ఆదివారం ఫ్లయింగ్ క్లబ్బులో భద్రత మీటింగు పెడతారు. మీటింగుకు రానివాళ్ళకు ఆ నెల విమానం తాళం ఇవ్వరు. కాబట్టి అందరూ వస్తారు. వచ్చి, బడిలో లాగే, వెనక వరస కుర్చీలకు ఎగబడతారు.

ఈసారి మాట్లాడే వంతు ఇన్‌స్ట్రక్టరుది. ఆమెను అందరూ గాలి టీచరు అంటారు. వీధిలో పిల్లలు పెట్టిన పేరు అది. పాకి పాకి క్లబ్బు దాకా వచ్చింది. ఇప్పుడు ఫోనెత్తితే ఆమె కూడా "గాలి టీచర్ని" అనేస్తుంది. ఈ నెల విషయం పెట్రోలు. ఎగిరే ముందు ట్యాంకులో ఎంతుందో చూసుకోవడం.

"దీని మీద గంట మాట్లాడాలా టీచరుగారూ? చూసుకోవాలి, అంతేగా," అన్నాడు పళ్ళ డాక్టరు. క్లబ్బులో సొంత విమానం ఉన్నది ఆయనొక్కడికే.

"పళ్ళు తోముకోవాలని మీ పేషెంట్లందరికీ తెలుసు. మరి మీ ఆస్పత్రి ఎందుకు నిండుతోంది?"

అందరూ నవ్వారు. ఆ సందులో రిటైరైన పోస్టుమాస్టరు, రన్‌వే మీద తనకు కుక్క అడ్డొచ్చిన కథ ఎత్తుకోబోయాడు. ఆ కుక్క మీటింగు మీటింగుకీ పెరుగుతుంది. పోయిన నెలకి దూడంత అయింది. పక్కనున్నవాళ్ళు ఆయన్ని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

ముందు వరసలో, కిటికీ పక్కన, టీచరు అన్నయ్య కూర్చున్నాడు. ఆయన దర్జీ. క్లబ్బు సభ్యుడు కాదు గానీ విమానాల మీద కప్పే గుడ్డలు ఆయన కుట్టినవే. కూతురు దిగడం చూడ్డానికి వచ్చాడు. ఇంట్లో పిచ్చిక అని పిలుచుకునే ఆ పిల్ల పొద్దున చిన్న విమానంలో ఒక్కతే బయల్దేరింది. ఒంటరిగా కొండలు దాటడం అదే మొదలు. అవతల రిజర్వాయరు పక్కన ఒక్క రన్‌వే ఉన్న చిన్న స్ట్రిప్పులో దిగి, కాపలా మనిషి చేత సంతకం పెట్టించుకుని, తిరిగి రావాలి. ఆకాశం బాగుందని టీచరే పంపింది. "మరి మీటింగు?" అని పిచ్చిక అడిగితే, "నీకు ఇంట్లో విడిగా వాయిస్తాలే, ఫో," అంది.

కూతురు ఎగురుతానన్నప్పుడు దర్జీ ఏడాదిపాటు ససేమిరా అన్నాడు. చివరికి చెల్లెలితో, "నువ్వు చూసుకుంటానంటే సరే," అన్నాడు. ఆమె చూసుకుంటానంది.

టీచరు బల్ల మీది కొలపుల్ల అందుకుంది. మూరెడు పొడవున్న చెక్క పుల్ల, మీద లీటర్ల గీతలు, పై చివర పసుపు టేపు. దాన్ని ట్యాంకులో ముంచి, తడి ఏ గీత దాకా వచ్చిందో చూస్తే పెట్రోలెంతో తెలుస్తుంది. నిన్న సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు, మీటింగులో చూపించడానికని చిన్న విమానంలోంచి ఆమే తీసిపెట్టింది.

"విమానంలో ట్యాంకుకొక పెట్రోలు ముల్లు ఉంటుంది. కారులో ఉన్నట్టే. దాని మాట వినొద్దు. మన చిన్నదాంట్లో ఆ ముళ్ళు ట్యాంకు నిండా పోసినా నేల చూపులే చూస్తాయి. ముల్లు ఏం చెప్పినా సరే, పుల్ల ముంచి మీ కళ్ళతో చూసిందే లెక్క. వరసగా అందించుకోండి, గీతలు చూడండి."

పుల్ల వెనక వరస దాకా వెళ్ళింది. తలుపు దగ్గర గుడ్డతో చేతులు తుడుచుకుంటున్న మెకానిక్ చేతికొచ్చింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదిక్కడుందా మేడం? పొద్దున పిచ్చిక దీనికోసమే షెడ్డంతా వెతికింది."

"మరి దేంతో కొలిచింది?"

"నేను పెద్ద విమానం కింద పడుకుని ఉన్నా. 'దొరికిందిలే అన్నా' అని కేకేసింది. ఏది దొరికిందో నేను..." అని ఆగాడు.

క్లబ్బుకు ఉన్న విమానాలు రెండు. పెద్దది వారంగా రిపేరులో ఉంది. దాని పుల్ల షెడ్డు గోడకు మేకు మీద వేలాడుతుంది. దాని ఆకుపచ్చ టేపు ఊడి చాలాకాలమైంది. కొత్త టేపు చుట్టాలని అందరూ అనుకున్నారు, అనుకుని ఊరుకున్నారు. రెండు పుల్లలూ ఒకే పొడవు, ఒకే చెక్క. చిన్నదాని టేపే ఊడిందనుకుంటే ఇక తేడా తెలియదు. ట్యాంకులు మాత్రం ఒకటి కావు. పెద్దదాని ట్యాంకు వెడల్పు, అదే లోతులో ఎక్కువ పెట్రోలు పడుతుంది. ఆ పుల్లతో చిన్నదాన్ని కొలిస్తే సగం ట్యాంకు కాస్తా ముప్పాతిక అయి కూర్చుంటుంది.

"వెళ్ళి మేకు చూడు," అంది టీచరు.

అతను పరుగెత్తాడు. తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి తల అడ్డంగా ఊపాడు. మేకు ఖాళీ.

పుల్ల మీద ముప్పాతిక చూసే పిచ్చిక బయల్దేరి ఉంటుంది. ముప్పాతిక అయితే వెళ్ళి రావడానికి సరిపోయి ఇంకా మిగులుతుంది. సగమైతే వెళ్ళడానికి సరిపోతుంది, తిరుగుదారిలో కొండల మధ్య దాకా వస్తుంది. కొండల మీద అడవి. చక్రం మోపే చోటు లేదు.

టీచరు రిజర్వాయరు స్ట్రిప్పుకు ఫోను చేసింది. బయల్దేరకపోయి ఉంటే చాలు. కాపలా మనిషి ఎత్తాడు.

"మీ అమ్మాయా? ఎప్పుడో లేచిందమ్మా. టీ తాగి వెళ్ళమంటే, ఆలస్యమైతే అత్త తిడుతుందంది. కానీ మంచి జాగ్రత్తగల పిల్ల. మెట్టెక్కి, ట్యాంకుల్లో పుల్ల ముంచి, రెండేసిసార్లు చూసుకుని మరీ వెళ్ళింది."

పిచ్చిక ఫోను స్విచ్చాఫ్. గాల్లో ఫోను కట్టేయాలన్నది టీచరు పెట్టిన నియమం. టీచరు క్లబ్బు రేడియో అందుకుని పిలిచింది. గరగర తప్ప ఏమీ రాలేదు. కొండ అడ్డముంటే ఈ రేడియో అవతలికి వినపడదు. పైకి వెళ్ళి పిలవాలి.

"డాక్టరుగారూ."

"ట్యాంకు నిండుగా ఉంది, పదండి," అన్నాడాయన అప్పటికే లేచి.

దర్జీ తలుపుకు అడ్డంగా వచ్చాడు. "ఏమైంది? అందరూ నా మొహం చూస్తారేంటి?"

"పిచ్చిక దగ్గర పెట్రోలు చాలదన్నయ్యా. చాలినంత ఉందనుకుంటోంది."

"అంత చూసుకుని ఎక్కే పిల్ల..."

"చూసుకుంది. దాని పుల్ల విమానంలో లేదు, వేరే పుల్లతో చూసింది. దాని పుల్ల తీసింది నేను. ఇక్కడ చూపించడానికి తీశాను."

దర్జీ, మెకానిక్ చేతిలోని పుల్లను చూశాడు. తర్వాత పక్కకు తప్పుకున్నాడు. "వెళ్ళు," అన్నాడు. "ఇంకా నిలబడతావేం, వెళ్ళు."

డాక్టరు విమానం లేచేసరికి టీచరు పిలవడం మొదలుపెట్టింది. చెవులకు పెట్టుకున్నదాన్ని రెండు చేతులా నొక్కి పట్టుకుని, పిలిచి, ఆగి, మళ్ళీ పిలిచింది. డాక్టరు విమానాన్ని పైకి లాగుతున్నాడు. కొండల మొదటి వరస కిందికి దిగి, దాని వెనక రెండో వరస కనిపించింది. అప్పుడు గరగరలోంచి గొంతు వచ్చింది.

"...అత్తా? నువ్వెందుకున్నావు గాల్లో? మీటింగు ఎగ్గొట్టావా?"

"ఎక్కడున్నావు?"

"కొండల్లోకి వచ్చేశా. కంకర క్వారీ ఎడమవైపు కనపడుతోంది. ఇంకో పావుగంటలో మీ నెత్తి మీదుంటా."

"పిచ్చికా, విను. ముళ్ళు ఎక్కడున్నాయి?"

"అడుగున. ఒకటైతే కదలడం కూడా మానేసింది. అవి ఎప్పుడూ అంతేగా? పుల్లలో బోలెడుంది, అక్కడ కూడా చూశా."

"ఆ పుల్ల పెద్దదానిది."

టీచరు మళ్ళీ బటను నొక్కింది.

"వినపడిందా? నీ పుల్ల నా దగ్గరుంది. ఆ పుల్ల చెప్పింది తప్పు. ఈసారి ముళ్ళనే నమ్ము."

"అంటే ఎంతుందత్తా?"

"చాలదు."

డాక్టరు ఆమె వైపు చూశాడు. ఆమె చూడలేదు. లెక్క వేస్తోంది. క్వారీ దాటితే ఇవతల పొలాలు తగిలేదాకా అడవే. పెట్రోలు ఇంకాస్త సాగితే పిల్ల పొలాల్లో దిగుతుంది, విమానం కూడా చెక్కుచెదరదు. సాగకపోతే చెట్ల మీద పడుతుంది. క్వారీ అయితే కింద నేలుంది. చుట్టూ కోసిన రాయి, మధ్యలో లారీలు తిరిగే బాట, బాట చివర కంకర గుట్ట. అక్కడ దిగడం తనకే కష్టం. పిచ్చిక ఇంతవరకు రన్‌వే మీద తప్ప ఎక్కడా దిగలేదు.

"క్వారీలో దిగాలి," అంది.

"అత్తా, ఇంజన్ బాగానే ఉంది. వచ్చేస్తాను. ఎలాగోలా వచ్చేస్తాను."

"ఇంజన్ ఉండగానే దిగాలమ్మలూ. ఆగాక దిగితే ఒక్కటే అవకాశం. ఎడమకు తిరుగు. తిరిగావా?"

"తిరుగుతున్నా." గొంతు సన్నబడింది. "అత్తా, ఇది చాలా చిన్నగా ఉంది."

"పైనుంచి అన్నీ చిన్నగానే ఉంటాయి. లారీల బాట చూడు, గుట్టలు చూడకు. ఆదివారం, లారీలుండవు. బెల్టు బిగించు. తలుపు గడియ ఇప్పుడే తీసిపెట్టు, గట్టిగా తగిలితే తలుపు బిగుసుకుంటుంది."

"తీశా."

"ఎత్తు చాలా ఉంది నీకు. ఒక చుట్టు తిరిగి, తగ్గి..."

"అత్తా, ఆగింది."

"ఏంటి?"

"ఇంజన్. ఆగిపోయింది. ముందు పంకా నిలబడిపోయింది."

టీచరు కళ్ళు మూసుకుని తెరిచింది. "సరే. విమానం ఎగురుతూనే ఉంది కదా. ముక్కు కిందికి పెట్టు. వేగం పడనివ్వకు. ఇక చుట్టు వద్దు, సూటిగా బాట మీదికి రా."

"నాన్నకి..."

"నాన్నకి నువ్వే చెప్పు. ముందు వేగం చూడు. వేగం ఎంతుంది? పిచ్చికా, వేగం."

క్వారీ అంచు కిందికి దిగితే రేడియో అందదు. అందలేదు.

డాక్టరు కొండ మలుపు తిప్పాడు. క్వారీ కింద తెరుచుకుంది. చిన్న విమానం బాట మీద లేదు. ఎత్తు ఎక్కువై, బాట సగం దాటాక నేల తాకినట్టుంది. చివరి కంకర గుట్టలో ముక్కు దిగబడి, తోక పైకి లేచి ఉంది. ఒక చక్రం విడిగా, వెనక, బాట మధ్యలో పడి ఉంది.

"నిప్పు లేదు," అన్నాడు డాక్టరు. "కాలడానికి పెట్రోలే లేదుగా."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. టీచరు వినలేదు. తలుపునే చూస్తోంది. ఒక చుట్టు తిరిగారు. రెండో చుట్టులో తలుపు తెరుచుకుంది. ముందు ఒక చెయ్యి వచ్చింది, తర్వాత తల. పిచ్చిక నేల మీదికి జారిపడింది. లేవలేదు. మోచేతుల మీద ఈడ్చుకుంటూ విమానానికి దూరంగా వచ్చింది. కాళ్ళు వెనక ఎలా వస్తే అలా వచ్చాయి. కాస్త దూరం వచ్చి ఆగి, చెంప నేలకు ఆనించి పడుకుంది.

టీచరు క్లబ్బును పిలిచింది. క్లబ్బులో మైకు దర్జీ చేతిలో ఉంది.

"చెల్లాయ్, బయటికి వచ్చిందా?"

"వచ్చిందన్నయ్యా. బతికుంది. ముందు ఆంబులెన్సుకి..."

"నడిచి వచ్చిందా?"

ఆమె తడుముకుంది. "లేదు. పాకి వచ్చింది. ఆంబులెన్సుకి..."

ఆమె మాట మధ్యలో తెగింది. దర్జీ మైకు బటను నొక్కి పట్టుకున్నాడు. మాట్లాడటం లేదు. ఆయన బటను వదిలేదాకా ఆమె మాట అక్కడికి చేరదు. చెవిలో క్లబ్బు గది వినపడుతోంది, కుర్చీ జరగడం, ఎవరో మంచినీళ్ళు తెమ్మనడం, ఆయన ఊపిరి. ఆ ఊపిరిలో పోతున్నది పిచ్చిక సమయం.

"బటను వదులన్నయ్యా," అంది. వినపడదని తెలిసి కూడా అంది. "వదులు. నీకు దణ్ణం పెడతాను, వదులు."

ఎవరో ఆయన వేళ్ళు విప్పినట్టున్నారు. క్లిక్కుమంది. "చెప్పమ్మా," అన్నాడు పోస్టుమాస్టరు. "రాసుకుంటున్నా."

ఆమె చెప్పింది. కంకర క్వారీ, ఉత్తరం గేటు నుంచి రావాలి, దక్షిణం వైపు గొలుసు ఉంటుంది. నడుమో వెన్నో దెబ్బతింది, పలక మీద పడుకోబెట్టి తీయాలి. క్వారీ కాపలాకు ఫోనుంటే చేయండి, అమ్మాయిని కదిలించొద్దని, కదిలిస్తే వెన్ను పోతుందని చెప్పండి.

"క్వారీ నంబరు ఎవరి దగ్గరుందో కనుక్కుంటా," అన్నాడు పోస్టుమాస్టరు.

కింద రేకుల షెడ్డులోంచి నలుగురు బయటికొచ్చారు. పరుగెత్తారు.

"వద్దు," అంది టీచరు.

వాళ్ళు పిచ్చిక చుట్టూ వంగారు. ఒకతను షెడ్డు వైపు తిరిగి చెయ్యి ఊపాడు. షెడ్డు వెనక లారీ ఒకటి ఇటు మళ్ళింది.

"కిందికి వెళ్ళండి డాక్టరుగారూ. ఇంకా కిందికి. ముట్టుకోవద్దని ఎలాగైనా..."

ఆయన కొండ అంచుకు రాసుకునేంత కిందికి దించాడు. టీచరు కిటికీ అద్దం తోసి చెయ్యి బయటపెట్టి, వద్దు వద్దని ఊపింది. గాలికి చెయ్యి వెనక్కి పోయింది. డాక్టరు రెక్కలు అటూ ఇటూ ఊపాడు. ఇంజన్ మోతకు నలుగురూ తలలెత్తి చూశారు. ఒకతను హెల్మెట్ తీసి, చూశాం, మేమున్నాం అన్నట్టు పైకి ఊపాడు. మళ్ళీ తలకు పెట్టుకుని వంగి, పిచ్చిక చంకల కింద చేతులు వేశాడు. ఇంకొకతను కాళ్ళు పట్టుకున్నాడు.